ఇంటికి తెలివొచ్చింది, ఇంటోళ్లకెప్పుడొస్తది?

ఇల్లు మాట వింటుందట. దీపం వెయ్యమంటే వేస్తుందట, ఆర్పమంటే ఆర్పుతుందట. ఎండెక్కితే కర్టెన్లు తనే మూస్తుందట. పాలు అయిపోతే తెప్పించుకొమ్మని గుర్తు చేస్తుందట. హైదరాబాదుకు పడమట కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్‌లలో లేస్తున్న మేడలు అమ్ముకునేవాళ్ల రంగుల కాగితాల నిండా ఇవే మాటలు. దీనికి స్మార్ట్ హోమ్ అని పేరు. అంటే తెలివైన ఇల్లు. నివాసి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా కృత్రిమ మేధ తోడుంటుందని, రోజువారీ బతుకంతా ఇల్లే చూసుకుంటుందని చెబుతున్నారు.

మేం ఒక్కటే అడుగుతున్నాం. ఆ ఇంట్లో నివాసి ఎవరు?

తెల్లారి ఆరింటికల్లా మా వాడల ఆడవాళ్లు షేర్ ఆటోలెక్కి ఆ మేడలకు పోతారు. బోళ్లు తోముతారు. ఇల్లు ఊడ్చి తుడుస్తారు. బాత్రూములు కడుగుతారు. పిల్లలకు ముడ్లు కడుగుతారు. ముసలివాళ్లను లేపి కూచోబెడతారు. ఒక్కొక్కరికి నాలుగైదు ఇళ్లు. పగటి వెలుతురులో వాళ్లు సొంతింట్లో ఉండేది తక్కువ, ఆ ఇళ్లలో ఉండేదే ఎక్కువ. అయినా తెలివైన ఇంటి లెక్కలో వాళ్లు నివాసులు కారు. చుట్టాలూ కారు. మరి ఎవరు? దీనికి జవాబు దొరికితే ఈ తెలివి ఎవరి తెలివో తెలిసిపోతుంది.

ముందు యంత్రం సంగతి తెలుసుకుందాం. తెలియనిదాన్ని చూసి భయపడొద్దు, మొక్కొద్దు. ఇంట్లో అక్కడక్కడ సెన్సార్లు పెడతారు. మనిషి కదిలితే, తలుపు తీస్తే, పొగ వస్తే పసిగట్టే చిన్న డబ్బాలవి. కెమెరాలు కళ్లు, మైకులు చెవులు. ఇవి పట్టుకున్న సమాచారం చాలావరకు ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకు పోతుంది. అక్కడి ప్రోగ్రాం రోజూ చూసి చూసి ఇంటివాళ్ల అలవాటు పట్టేస్తుంది. ఇంటాయన ఆరున్నరకు లేస్తాడు, కాబట్టి ఆరుంబావుకు గీజర్ వెయ్యాలి. ఇంతే. మంత్రం లేదు, మాయ లేదు. అలవాటును లెక్కగా మార్చడమే దాని తెలివి. ఎవరి సుఖం కోసం లెక్క వెయ్యాలో, ఎవరి మీద కాపలా కాయాలో చెప్పేది మాత్రం మనిషే.

ఇది నిన్న పుట్టింది కాదు. 1990లలో అమెరికాలోని బౌల్డర్ పట్టణంలో మైకేల్ మోజర్ అనే శాస్త్రవేత్త ఒక పాత బడి కట్టడాన్ని ఇల్లుగా మార్చుకున్నాడు. దీపాలు, ఇంటి వేడి, స్నానపు నీళ్ల వేడి ఆ ఇల్లే నేర్చుకుని నడిపేట్టు చేశాడు. ఆ ఇంట్లో ఆయనే ఉన్నాడు. తన మీద తానే సెన్సార్లు పెట్టుకున్నాడు. అది ఆయన ఇష్టం. అందులో మాకే పేచీ లేదు. కానీ ఇవ్వాళ ఇక్కడ మా అక్క మీద, మా అమ్మ మీద కెమెరా పెట్టేటప్పుడు వాళ్ల ఇష్టం ఎవరడిగారు?

మాట వినే డబ్బా అలెక్సా 2014లో అమెరికాలో పుట్టింది. 2017లో మన దేశానికొచ్చింది. 2019లో హిందీ నేర్చుకుంది. అదే 2019లో బయటపడిన సంగతి ఏమిటంటే, ఇళ్లలో జనం మాట్లాడిన మాటల ముక్కల్ని ఆ కంపెనీ మనుషుల చేత వినిపిస్తోంది. యంత్రానికి నేర్పడానికట. అట్లా వినే పనివాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. తనంతట తనే తిరిగి ఊడ్చే మిషన్లదీ అదే కథ. 2020లో పరీక్ష కోసం ఇళ్లలో తిప్పిన రూంబా మిషన్లు తీసిన ఫోటోలు, మరుగుదొడ్డి మీద కూచున్న ఒక ఆడమనిషి ఫోటోతో సహా, బజారున పడ్డాయని 2022లో ఎంఐటి టెక్నాలజీ రివ్యూ పత్రిక రాసింది. ఆ ఫోటోలకు పేర్లు రాసే కూలీలు వెనిజులా పేదలు. 2023లో అమెరికా వాణిజ్య కమిషన్ కేసు పెడితే రింగ్ అనే కెమెరాల కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కంపెనీ ఉద్యోగులే ఆడవాళ్ల పడగ్గదుల వీడియోలు చూశారన్నది ఆ కేసులో ఒక ఆరోపణ. ఇళ్ల యజమానుల మానానికే దిక్కులేనప్పుడు, ఆ ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ మానానికి పూచీ ఎవరు?

ఇక మా వాడలో జరిగింది చెబుతాం. పేర్లు రాయం. ఆమె ఇంకా ఆ చుట్టుపక్కలే పని వెతుక్కుంటోంది.

ఆమె ఒకే ఇంట్లో ఆరేళ్లు చేసింది. ఆ ఇంటి తలుపు కెమెరాకు ముఖాలు గుర్తుపట్టే తెలివుంది. ఇంట్లో అందరి ముఖాలూ పేర్లతో ఎక్కించారు. ఏడాదికోసారి అమెరికా నుంచి వచ్చే చిన్నాయన ముఖమూ ఎక్కించారు. రోజూ వచ్చే ఆమె ముఖం ఎక్కించలేదు. ఆరేళ్లుగా వచ్చే మనిషి గడప ముందు నిలబడితే యజమానురాలి ఫోన్‌లో "తెలియని వ్యక్తి వచ్చారు" అని గంట మోగేది. దానికి వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఈమే నవ్వింది.

ఒకరోజు గొలుసు కనిపించలేదు. అప్పుడు మాత్రం ఆ తెలియని వ్యక్తి అందరికీ బాగా తెలిసింది. కెమెరా వెనక్కి తిప్పి చూశారు. "పడగ్గదిల పదకొండు నిమిషాలు ఏం చేసినవ్?" అని అడిగారు. "బాత్రూం గా గదిలకెల్లే గదమ్మా పోవాలె. బాత్రూం కడిగేటందుకు పదకొండు నిమిషాలు పట్టదా?" అని ఈమె. వినలేదు. అపార్టుమెంటు వాళ్ల ఫోన్ గుంపులో ఈమె ఫోటో పెట్టారు. గేటు దగ్గరి యాప్‌లో ఈమె పేరు ఆపేశారు. మర్నాడు గేటు తెరుచుకోలేదు. ఒక్క ఇల్లు అనుమానిస్తే నాలుగిళ్ల పని పోయింది. పంచాయితీ లేదు, విచారణ లేదు, ఒక్క బటన్. వెనకట ఊళ్లో వెలి వెయ్యాలంటే దొర రచ్చబండ మీద పెద్దమనుషుల్ని కూచోబెట్టేవాడు. ఇప్పుడా కష్టం కూడా లేదు.

మూడో రోజు గొలుసు యజమానురాలి హ్యాండ్‌బ్యాగు అరలోనే దొరికింది. క్షమించమనలేదు. "దొరికిందిలే, రేపటి సంది రా" అన్నారు. మిగతా మూడిళ్లలో అప్పటికే రెండిళ్ల వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. మాకామె చెబుతూ అన్న మాట ఇది: "నేను గదిలకు పోయింది కెమెరాల పడ్డది గదా. నేను ఏం తియ్యలేదన్నది గూడ గండ్లనే పడి ఉంటది గదా. గది ఎందుకు చూడలే?"

ఈ ప్రశ్నకు ఏ కంపెనీ ఇంజనీరూ జవాబు చెప్పలేడు. ఎందుకంటే ఇది యంత్రం తప్పు కాదు. యంత్రం చూసిందంతా దాచింది. అందులో ఆమె నిర్దోషి అన్న సాక్ష్యం కూడా ఉంది. కానీ ఆ సాక్ష్యం ఆమెది కాదు. తాళం యజమాని చేతిలో ఉంది. మనువు రోజుల్లో మన సాక్ష్యానికి విలువ లేదు. ఇప్పుడు మన సాక్ష్యం మన చేతికి రాదు. తేడా ఏముంది?

చట్టం లేదా అంటారు. చూద్దాం. వ్యక్తి ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. అందరం సంతోషించాం. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దానికి నిబంధనలొచ్చాయి, దశలవారీగా అమలు చేస్తామన్నారు. ఆ చట్టం 3వ సెక్షన్ చదవండి. ఒక వ్యక్తి తన సొంత అవసరానికి గానీ, గృహ అవసరానికి గానీ సమాచారం వాడుకుంటే ఈ చట్టం వర్తించదని ఉంది. గృహమట! యజమానికది గృహం. మా అక్కకది కార్ఖానా. ఆమె అక్కడికి కూలికి పోతుంది. అదే పార్లమెంటు 2013లో పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల నిరోధక చట్టం చేసినప్పుడు ఇల్లు కూడా పనిస్థలమే అని రాసింది. 2013లో పనిస్థలమైన ఇల్లు 2023 నాటికి మళ్లీ గృహమెట్లా అయింది?

గేటు దగ్గరి యాప్ కంపెనీకి ఈ మినహాయింపు లేదు, అది సమ్మతి అడగాలి గదా అని చదువుకున్నవాళ్లు అంటారు. నిజమే. కానీ ముఖం చూపకపోతే, వేలు పెట్టకపోతే గేటు తెరుచుకోని చోట సమ్మతి అంటే ఏంది? ఏకలవ్యుడు కూడా సంతోషంగానే బొటనవేలు ఇచ్చాడని రాశారు. ఆనాడు ఒక్కసారి తీసుకున్నారు, ఈనాడు రోజూ పొద్దున తీసుకుంటున్నారు.

ఇంటిపనివాళ్లకు మర్యాదైన పని కావాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఆ సంగతి ఎంతమంది యజమానులకు తెలుసో గేటు దగ్గర నిలబడి అడగండి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసే సంగతి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. ఇల్లు మాట వినడం నేర్చుకోవడానికి పదేళ్లు కూడా పట్టలేదు. ప్రభుత్వాలకు పనిమనిషి మాట వినబడటానికి ఎన్నేళ్లు పట్టాలి?

యంత్రానికి కులముంటుందా అని మమ్మల్ని వెక్కిరించేవాళ్లున్నారు. యంత్రానికి కులం ఉండదు. దానికి నేర్పిన సమాచారానికి ఉంటుంది. 2018లో జాయ్ బులమ్‌విని, తిమ్నిత్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు ముఖం చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్ల మగవాళ్ల విషయంలో ఎక్కువలో ఎక్కువ నూటికి ఒకటి కూడా తప్పలేదు. నల్లని ఆడవాళ్ల విషయంలో ఒక ప్రోగ్రాం నూటికి 34 దాకా తప్పింది. కారణం ఏంది? నేర్పిన ఫోటోల్లో నల్లవాళ్లు తక్కువ. వాళ్లు అడిగాకనే కంపెనీలు దిద్దుకున్నాయి. మన కులం సంగతీ అంతే. 2025 అక్టోబరులో అదే ఎంఐటి పత్రిక ఓపెన్ఏఐ వారి ప్రోగ్రాములను పరీక్షించి, చదువూ తెలివీ అంటే బ్రాహ్మణుడినీ, మురికి పని అంటే దళితుడినీ చూపే ధోరణి వాటిలో బలంగా ఉందని రాసింది. వేల ఏళ్లుగా రాసిపెట్టిందే కదా అది చదివింది! వేరే ఏం చెబుతుంది?

అయితే యంత్రం వద్దా? మేమట్లా అనం. యంత్రం వద్దు, రాట్నం తిప్పుకుందాం అన్నవాళ్లు వేరే. బాబాసాహెబ్ 1945లోనే కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారో రాస్తూ ఈ లెక్క తేల్చారు. యంత్రం మనిషికి తీరిక ఇస్తుంది, తీరిక ఉంటేనే మనిషికి చదువూ సంస్కారమూ, కీడు యంత్రంలో లేదు, దాని ఫలాన్ని కొందరే మింగే సమాజంలో ఉంది. ఇది ఆయన వాదం సారాంశం. మా వాదమూ అదే. యంత్రం ఎవరికి తీరిక ఇస్తోంది? ఎవరి తీరిక గుంజుకుంటోంది?

లెక్క చూడండి. దీపం స్విచ్ వెయ్యడం ఎంత పని? చెయ్యి చాపితే చాలు. ఆ పనికి ముందు తెలివైన యంత్రం వచ్చింది. బాత్రూం కడగడం ఎంత పని? నడుం విరుగుతుంది. ఆ పని చీపురుతో, యాసిడ్‌తో మా అక్కే చేస్తోంది. ఊడ్చే మిషన్ కొన్నవాళ్లు "మిషన్ ఊడుస్తోంది గదా, నెలకు ఐదొందలు తగ్గించుకో" అన్నారు. ఆ మిషన్ పోని మంచాల కింద, మూలల్లో మళ్లీ ఈమే ఊడవాలి. మిషన్ కడుపులో దుమ్ము కూడా ఈమే తియ్యాలి. తీరిక మిషన్ కొన్నవాడికి, జీతం కోత మనకు. టీ హోటళ్లలో రెండు గ్లాసుల మీద కొట్లాడినం. ఈ మేడల్లో రెండు లిఫ్టులు పెట్టారు. ఇప్పుడు రెండు తెలివులు పెట్టారు. ఒకటి ఇంటివాళ్లకు సేవ చేసే తెలివి, రెండోది పనివాళ్ల మీద కన్నేసే తెలివి.

ఆ తెలివైన ఇంటి మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? మ్యాన్‌హోల్‌లోకి. అందులో దిగేదెవరు? మాదిగ, మెహతర్, రెల్లి బిడ్డలు. పాకీపని నిషేధ చట్టం 1993లో వచ్చింది, మళ్లీ 2013లో వచ్చింది. మురుగులో చచ్చినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చావు ధర పెరిగింది, చావు ఆగలేదు. పాకీపని మాన్పించడానికి ఒక బతుకంతా పెట్టిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డిచ్చి చప్పట్లు కొట్టారు. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బాండికూట్ రోబోను 2018లో తిరువనంతపురంలో దింపారు. అంటే చెయ్యలేక కాదు. చెయ్యాలనుకుంటే అవుతుంది. మేడలో కర్టెన్ తనంతట తనే మూసుకోవడానికి పెట్టిన తెలివిలో పావు వంతు గుంట మీద పెట్టినా ఎన్ని ఇళ్లలో దీపం ఆరకుండా ఉండేది!

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ యంత్రం వల్ల మేలు జరిగే చోట్లున్నాయి. కొడుకులు డాలస్‌లో, కూతుళ్లు న్యూజెర్సీలో ఉంటే ఇక్కడ ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు వేలమంది. రాత్రి బాత్రూంలో జారిపడితే సెన్సార్ పసిగట్టి నలుగురికి ఫోన్ చెయ్యడం మంచిదే. చూపు లేని వాళ్లు నోటిమాటతో తలుపు తీసుకోవడం, కాళ్లు లేని వాళ్లు మంచం మీద నుంచే ఫ్యాన్ వేసుకోవడం మంచిదే. కానీ కొడుకు డాలస్‌లో ఫోన్ చూసి "అమ్మ పడింది" అని తెలుసుకుంటాడు. ఇక్కడ ఆ అమ్మను చంకల కింద చేతులేసి లేపేది మా అక్క. తెలుసుకోవడం యంత్రం పని, లేపడం మనిషి పని. ఆ మనిషినే కెమెరాలో దొంగను చూసినట్టు చూస్తే, రేపు పరుగెత్తుకొచ్చేదెవరు?

అదే మేలు మా వాడకెందుకు రాదు? మా వాడల్లో ముసలివాళ్లు పడరా? కట్టడాల మీద నుంచి పడి నడుం విరిగిన మేస్త్రీలు మంచాల మీద లేరా? ప్రభుత్వం కట్టించే పేదల ఇళ్లలో గ్యాస్ లీకైతే, మంటలొస్తే మోగే ఒక చిన్న డబ్బా పెట్టడానికి ఎంతవుతుంది? తెలివి మేడ పైనుంచి కిందికి కారాలని ఎందుకు? కింద నుంచి ఎందుకు మొదలు కాగూడదు?

మా డిమాండ్లు ఇవి.

ఇంట్లో ఎక్కడ కెమెరా ఉంది, ఎక్కడ మైకు ఉంది అన్నది పనిలో పెట్టుకున్న రోజే పనివాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. వాళ్లు బట్టలు మార్చుకునే చోట, అన్నం తినే చోట, చంటిబిడ్డకు పాలిచ్చే చోట కెమెరా ఉండొద్దు.

నింద వేస్తే, ఆ రోజు రికార్డు పూర్తిగా చూసే హక్కు నిందపడ్డ మనిషికి, ఆమె యూనియన్‌కు ఉండాలి. సాక్ష్యం ఇద్దరిదీ.

విచారణ లేకుండా గేటు యాప్‌లో పేరు ఆపేసే పద్ధతి రద్దు చెయ్యాలి. ఫోటోలు గుంపుల్లో తిప్పినవాళ్ల మీద కేసు పెట్టాలి.

2023 చట్టంలోని గృహ మినహాయింపు ఇంటిపనివాళ్ల విషయంలో చెల్లదని సవరించాలి. ఇల్లు పనిస్థలం అని రాయాలి.

మిషన్ వచ్చిందని జీతం కొయ్యొద్దు. గంటలు తగ్గించండి, కూలి తగ్గించొద్దు.

ఇంటి మేడకు తెలివి పెట్టడానికి అనుమతి అడిగే ప్రతి బిల్డరూ ముందు ఆ మేడ మురుగును మనిషి దిగకుండా ఎట్లా శుభ్రం చేస్తాడో రాసివ్వాలి.

చివరిగా మన పిల్లలకు ఒక మాట. కంప్యూటర్ చదువులు చదివి మాదాపూర్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఇట్లాంటి ప్రోగ్రాములు రాస్తున్న మాల మాదిగ బిడ్డలు ఇప్పుడు తక్కువేం లేరు. మీ అమ్మ బోళ్లు తోమిన చేతుల సంపాదనతో మీరు చదివారు. రేపు మీ ముందుకు ఒక కాగితం వస్తుంది. ఇంట్లో వాళ్లను "నివాసి", "అతిథి", "తెలియని వ్యక్తి" అని మూడు గడుల్లో పెట్టమంటారు. అప్పుడు మీ అమ్మ ఏ గడిలో ఉందో అడగండి. లేకపోతే నాలుగో గడి గియ్యండి. అందులో "మనిషి" అని రాయండి.

ఇంటికి తెలివి రావడం కంపెనీ పని. ఇంటివాళ్లకు తెలివి రావడం మన ఉద్యమం పని. రెండోది అయ్యేదాకా మొదటిదాన్ని మేం తెలివి అనం.

జై భీమ్.